అన్నది పేరు, తమ్ముడిది రందా మిషన్: శామ్యూల్ బెంథామ్ కథ

భిలాయ్ స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లోని మరోదాలో ఒక ఇంటి వెనక షెడ్డులోకి కొత్త జాయింటర్-ప్లానర్ దిగిందనుకోండి. పెట్టె విప్పారు. మిషన్‌ను నాలుగు కాళ్ల మీద నిలబెట్టారు. వైర్ కలిపితే చాలు, చెక్క నున్నగా వచ్చేస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు.

ఆ పని తెలిసినవాళ్లు మాత్రం ప్లగ్గు పెట్టరు. ముందు ఒక నిటారైన ఉక్కు బద్ద తీసుకుంటారు. దాన్ని రెండు టేబుళ్ల మీదా ఆనించి, కింద ఎక్కడైనా వెలుతురు కనిపిస్తోందా అని కన్ను దించి చూస్తారు. బ్లేడ్ల ఇరుసును చేత్తో నెమ్మదిగా తిప్పి, ఒక్కో బ్లేడు ఆ బద్దకు ఎక్కడ తగులుతోందో గమనిస్తారు. ఫెన్స్‌కు మూలమట్టం పెట్టి చూస్తారు. మొదటి చెక్క ముక్క పడటానికి ఒక పూట పట్టినా పట్టొచ్చు.

చేతి చిత్రికతో చెక్కను చదును చేయాలంటే ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి కావాలి. మిషన్‌తో చేయాలంటే మిషన్‌ను సరిగా కూర్చోబెట్టడం తెలియాలి. అంటే నేర్పు పోలేదు, చోటు మారింది.

ఈ మార్పు గురించి రెండు శతాబ్దాల కిందటే గట్టిగా ఆలోచించిన మనిషి శామ్యూల్ బెంథామ్. చెక్కను చిత్రిక పట్టే యంత్రానికి 1791లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నది ఆయనే. తిరిగే బ్లేడ్లతో చెక్కను చదును చేయవచ్చన్న ఆలోచనను 1793 నాటి రెండో పేటెంట్‌లో చేర్చిందీ ఆయనే.

ఇంటిపేరు తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. రాజనీతి శాస్త్రం చదివినవారికి ఉపయోగితావాదం చెప్పిన జెరెమీ బెంథామ్ తెలుసు. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి మొక్కల వర్గీకరణలో బెంథామ్-హుకర్ పేర్లు గుర్తుంటాయి. జెరెమీ శామ్యూల్‌కు అన్న. వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ బెంథామ్ శామ్యూల్‌కు కొడుకు. ఈ ఇద్దరి మధ్య నిలబడిన వడ్రంగి మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

లాయరు కొడుకు, ఓడల వడ్రంగి

శామ్యూల్ 1757 జనవరి 11న లండన్‌లో పుట్టారు. తండ్రి జెరెమయా బెంథామ్ డబ్బున్న న్యాయవాది. ఏడుగురు పిల్లల్లో పెరిగి పెద్దయినది ఇద్దరే. పెద్దవాడు జెరెమీ, చిన్నవాడు శామ్యూల్. ఇద్దరికీ తొమ్మిదేళ్ల తేడా.

పెద్ద కొడుకును తండ్రి చిన్నప్పుడే ఆక్స్‌ఫర్డ్‌కు పంపించారు. చిన్నవాడు మాత్రం చదువు కన్నా పనిముట్ల మీదే మనసు పెట్టాడు. 14 ఏళ్ల వయసులో వూలిచ్ రాజ నౌకాశాలలో ఓడల వడ్రంగి దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆ తర్వాత గురువుతోపాటు చాథమ్‌కు మారాడు. మొత్తం ఏడేళ్ల శిక్షణ. ఆ స్థాయి కుటుంబాల నుంచి పిల్లలు బాడిసె, రంపం, చిత్రిక పట్టడానికి వెళ్లడం అప్పట్లో అరుదు.

ఆ కాలపు నౌకాశాలలో పని అంతా చేతి మీదే. ఓక్ దుంగను గుంట మీద పెట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి రంపం లాగేవారు. పలకను మరో పలకకు సందు లేకుండా అతికించాలంటే అంచులను చిత్రికతో మళ్లీ మళ్లీ సరిచూడాలి. ఆ సందు సరిగా రాకపోతే సముద్రంలో నీళ్లు లోపలికి వస్తాయి. చదును అంటే ఏమిటో, అది ఎంత కష్టమో శామ్యూల్ చేతులతో నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి ఆలోచనకూ పునాది ఈ ఏడేళ్లే.

రష్యాకు ప్రయాణం

శిక్షణ ముగిసినా ఇంగ్లండ్‌లో ఆయనకు తగిన పదవి దొరకలేదు. 1780 నాటికి రష్యా చేరుకున్నారు. అప్పుడు అక్కడ పాలిస్తున్నది మహారాణి కేథరిన్. పశ్చిమ ఐరోపా నుంచి పని తెలిసినవాళ్లు వస్తే రష్యా ప్రభుత్వం ఆదరించే రోజులవి.

శామ్యూల్ ఉరల్ పర్వతాలు దాటి సైబీరియా మీదుగా చైనా సరిహద్దు దాకా తిరిగారు. గనులు, కర్మాగారాలు పరిశీలించారు. ఓడ లోపలి భాగాన్ని గదులుగా విడదీసి, ఒక గదిలో నీళ్లు చేరినా ఓడ మునగకుండా కాపాడుకునే చైనావారి పద్ధతి ఆయన దృష్టిలో పడింది. తర్వాత ఇంగ్లండ్‌లో తాను రూపొందించిన ఓడల్లో దాన్ని వాడి, అది చైనావారిదేనని దాచకుండా చెప్పారు.

చెక్కను చిత్రిక పట్టే యంత్రం ఆలోచన మీద ఆయన పని మొదలుపెట్టింది కూడా రష్యాలోనే. దానికి కారణం ఉంది. అక్కడ అడవులకు, మనుషులకు కొదవ లేదు. కొదవ ఉన్నది పనిమంతులకే. వూలిచ్‌లో చూసినలాంటి వడ్రంగులు రష్యా లోపలి ప్రాంతాల్లో దొరకరు. మరి నేర్పు లేని చేతులతో నేర్పు గల పని చేయించడం ఎలా? శామ్యూల్ జీవితాంతం వెంటాడిన ప్రశ్న ఇది.

క్రిచెవ్‌లో పుట్టిన నిఘా గది

1784లో ఆయన కేథరిన్ ఆస్థానంలో అత్యంత శక్తిమంతుడైన పొటెమ్కిన్ కొలువులో చేరారు. ఇప్పటి బెలారస్‌లో ఉన్న క్రిచెవ్‌లో పొటెమ్కిన్‌కు పెద్ద ఎస్టేట్ ఉంది. అక్కడి కర్మాగారాలు, ఓడల తయారీ శామ్యూల్ చేతికి వచ్చాయి. 1787లో మహారాణి ద్నీపర్ నది మీద ప్రయాణించినప్పుడు, ముక్కలు ముక్కలుగా కలిపి పాములా వంపులు తిరిగే పడవలను ఆయన తయారు చేయించారు.

క్రిచెవ్‌లో పని నేర్పడానికి ఇంగ్లండ్ నుంచి కొద్దిమందిని రప్పించారు. పని చేయాల్సినవాళ్లు మాత్రం వందల్లో ఉన్న రైతులు, భూస్వామి కింద వెట్టిలో ఉన్నవాళ్లు. కొద్దిమంది పనిమంతులు అందరినీ ఒకే చోటి నుంచి చూసేలా గుండ్రటి కర్మాగారం కడితే ఎలా ఉంటుందని శామ్యూల్ ఆలోచించారు. మధ్యలో పర్యవేక్షకుడు, చుట్టూ పనివాళ్లు.

అప్పుడే తమ్ముడిని చూడటానికి జెరెమీ క్రిచెవ్ వచ్చారు. ఆ ఆలోచన ఆయనకు నచ్చింది. దాన్ని జైలుకు అన్వయిస్తూ అక్కడి నుంచే లేఖలు రాశారు. 1791లో అవి పుస్తకంగా వచ్చాయి. దాని పేరే పనాప్టికాన్. ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో రాసిన పుస్తకంతో ఈ మాట ప్రపంచమంతా పాకింది. సీసీ కెమెరాలు, ఫోన్ నిఘాపై ఇప్పుడు జరిగే చర్చల్లోనూ వినిపిస్తూనే ఉంటుంది. పేరు అన్నకు వచ్చింది. మూలం మాత్రం తమ్ముడు ఊహించిన వర్క్‌షాప్.

1788లో టర్కీతో యుద్ధం జరుగుతున్నప్పుడు శామ్యూల్ చిన్న పడవలకు పెద్ద ఫిరంగులు బిగించారు. నల్ల సముద్రం ఒడ్డున ఓచకోవ్ దగ్గర జరిగిన పోరులో అవి పనిచేశాయి. రష్యా ప్రభుత్వం ఆయనకు సెయింట్ జార్జ్ పతకం, బంగారు పిడి కత్తి ఇచ్చింది. బ్రిగేడియర్ జనరల్ హోదా కూడా దక్కింది.

అన్న ఇల్లే వర్క్‌షాప్

1791లో శామ్యూల్ లండన్ తిరిగొచ్చారు. అదే ఏడాది నవంబరులో చిత్రిక యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు. అది చూడటానికి చేతి చిత్రికకు పెద్దన్నలా ఉండేది. పలక వెడల్పంతా ఒకేసారి గీసే బ్లేడు ముందుకూ వెనక్కీ నడుస్తుంది. రెండు పక్కలా ఉన్న ఆధారాలు బల్లకు ఆనగానే కోత ఆగిపోతుంది. అంటే పలక మందం ఎంత ఉండాలో పనివాడి కన్ను కాదు, యంత్రమే చెబుతుంది.

ఇప్పటి ప్లానర్‌లో మందం కొలిచే స్కేలు, పైకీ కిందికీ జరిగే టేబుల్ చేసే పని కూడా ఇదే.

1792లో తండ్రి చనిపోయారు. వెస్ట్‌మినిస్టర్‌లోని క్వీన్ స్క్వేర్ ప్లేస్ ఇల్లు జెరెమీకి వచ్చింది. తత్వవేత్త ఇంట్లోకి రంపాలు, ఇరుసులు, చెక్కపొట్టు వచ్చి చేరాయి. అన్న న్యాయ సంస్కరణల గురించి రాసుకుంటుంటే, పక్కన తమ్ముడి యంత్రాలు తయారయ్యేవి. ప్రభుత్వ పెద్దలు వచ్చి వాటిని చూసి వెళ్లేవారు.

ఆ యంత్రాలు ఎవరి కోసం? ఖైదీల కోసం. జెరెమీ కట్టాలనుకున్న పనాప్టికాన్ జైలులో ఖైదీలు పనిచేయాలి, దాని మీద జైలు నడవాలి. ఖైదీలకు వడ్రంగం రాదు. ఏడేళ్లు నేర్పే వ్యవధీ ఉండదు. తిప్పడానికి, లాగడానికి వారి కండబలం చాలు. మిగతా నేర్పు అంతా యంత్రంలో ఉండాలి. క్రిచెవ్‌లో వెట్టి రైతుల గురించి వేసుకున్న ప్రశ్నకే ఇది లండన్ రూపం.

ఇంటి వర్క్‌షాప్ నుంచి వచ్చిన ఈ యంత్రాల చరిత్రలో మొహమాటం లేకుండా చూడాల్సిన విషయం ఇది. సొంత ఆనందం కోసం చెక్కపని చేసుకునేవాళ్లు ఈరోజు ముచ్చటపడి కొనుక్కునే మిషన్‌కు మూలం, ఇష్టం లేని చేతులతో పని చేయించాలన్న ఆలోచనలో ఉంది.

జైలు మాత్రం లేవలేదు. 1794లో పార్లమెంటు చట్టం చేసినా, స్థలం దగ్గర, డబ్బు దగ్గర వ్యవహారం ఏళ్ల తరబడి నలిగింది. అన్నదమ్ములు తమ సొంత డబ్బు అందులో పోశారు. చివరికి 1813లో ప్రభుత్వం జెరెమీకి 23,000 పౌండ్ల పరిహారం ఇచ్చి ఆ ఫైలు మూసేసింది.

తిరిగే బ్లేడు: 1793

శామ్యూల్ రెండో పేటెంట్ 1793 ఏప్రిల్‌లో వచ్చింది. ఇది ఒక యంత్రానికి తీసుకున్నది కాదు. చెక్కపని మొత్తాన్నీ విడదీసి చూసిన పత్రం.

వడ్రంగి, ఓడలు కట్టేవాడు, బండి చక్రాలు చేసేవాడు, కిటికీలు చేసేవాడు అని వృత్తులుగా చూడటం అప్పటి అలవాటు. శామ్యూల్ వృత్తులను పక్కనపెట్టి పనులను చూశారు. కోయడం, చిత్రిక పట్టడం, తొలవడం, గాడి తీయడం, అంచుకు రూపం ఇవ్వడం. ఏ వృత్తిలోనైనా ఇవే పనులు తిరిగి తిరిగి వస్తాయి. ఒక్కో పనికి ఒక్కో యంత్రం ఉంటే అన్ని వృత్తులకూ సరిపోతుంది.

ఇందులోనే తిరిగే బ్లేడ్ల ప్రస్తావన ఉంది. చేతి చిత్రిక ముందుకు వెళ్లినప్పుడే కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. బ్లేడును ఇరుసుకు బిగించి తిప్పితే కోత ఆగదు. చెక్కను నెట్టుకుంటూ పోతే చాలు.

అమెరికా ఇంజనీర్ జాన్ రిచర్డ్స్ 1872లో చెక్కపని యంత్రాల మీద రాసిన పుస్తకంలో ఈ పేటెంట్‌కు పెద్దపీట వేశారు. తర్వాతి తరాలు తమవని చెప్పుకున్న చాలా యంత్రాల సూత్రాలు అందులో ముందే ఉన్నాయని ఆయన గుర్తించారు.

పోర్ట్స్‌మత్‌లో పది మంది, నూట పది మంది

1796లో బ్రిటన్ ప్రభుత్వం శామ్యూల్‌ను నౌకాదళ పనుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించింది. ఫ్రాన్స్‌తో యుద్ధం జరుగుతోంది. ఓడలు కావాలి, అదీ తొందరగా కావాలి. అదే ఏడాది ఆయన మేరీ సోఫియా ఫోర్డైస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె తండ్రి పేరున్న వైద్యుడు.

శామ్యూల్ తన కార్యాలయంలోకి కొత్తరకం మనుషులను తీసుకున్నారు. యంత్రాలు చూసుకోవడానికి సైమన్ గుడ్రిచ్, రసాయన శాస్త్రానికి జేమ్స్ శాడ్లర్. గాలి బెలూన్‌లో ఎగిరిన తొలి ఆంగ్లేయుడు ఈ శాడ్లరే. 1799లో పోర్ట్స్‌మత్ నౌకాశాలలో ఆవిరి యంత్రం పెట్టారు. అది పగలు చెక్కపని యంత్రాలు తిప్పేది, రాత్రి డాక్ నుంచి నీళ్లు తోడేది.

కొద్దికాలానికి మార్క్ ఇసాంబార్డ్ బ్రూనెల్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు కప్పీలు చేసే యంత్రాల నమూనాలతో వచ్చారు. తెరచాప ఓడలో తాళ్లు లాగడానికి చెక్క కప్పీలు కావాలి. 74 ఫిరంగుల యుద్ధ ఓడకు సుమారు వెయ్యి కప్పీలు పట్టేవి. కప్పీల తయారీకి శామ్యూల్ దగ్గర కూడా సొంత ఆలోచనలు ఉన్నాయి. అయినా బ్రూనెల్ నమూనాలు మెరుగ్గా ఉన్నాయని ఒప్పుకుని, వాటినే తీసుకోవాలని ప్రభుత్వానికి సిఫారసు చేశారు.

ఆ యంత్రాలను లోహంతో తయారు చేసింది హెన్రీ మాడ్స్‌లే. మొత్తం 45 యంత్రాలు. 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు వస్తున్నాయి. అంతకుముందు 110 మంది పనిమంతులు చేసే పనిని పది మంది మామూలు కూలీలు చేస్తున్నారు. ఒకే రకం వస్తువును యంత్రాలతో వరసగా, భారీ సంఖ్యలో తయారు చేసిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా పారిశ్రామిక చరిత్రలో దీనికి స్థానం ఉంది.

బ్రూనెల్‌కు సుమారు 17,000 పౌండ్లు ముట్టాయి. పేరూ ఆయనకే దక్కింది. ఆవిరి యంత్రం తెచ్చి, భవనం సిద్ధం చేసి, నౌకాదళ బోర్డుతో పోట్లాడి దారి వేసిన అధికారి పేరు రెండో వరసలోకి వెళ్లింది.

చెక్కపేళ్ల మీద హక్కు

పది మంది, నూట పది మంది అన్న లెక్కను ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. మిగిలిన వంద మందీ ఏమయ్యారన్నది యంత్రం చెప్పే లెక్క కాదు.

నౌకాశాల వడ్రంగులకు పాతకాలం నుంచి ఒక హక్కు ఉండేది. పనిలో మిగిలిన చెక్కపేళ్లు, తునకలు రోజూ ఇంటికి తీసుకెళ్లవచ్చు. వంటకు కట్టె, ఇంటికి మెట్టు, అమ్ముకుంటే నాలుగు రాళ్లు. జీతం నెలల తరబడి ఆలస్యమయ్యే రోజుల్లో ఆ పేళ్లే కుటుంబాలను నిలబెట్టేవి. మంచి చెక్కను కావాలని నరికి పేళ్లుగా మార్చుకుపోతున్నారన్నది అధికారుల ఫిర్యాదు. 1801లో ఈ హక్కు తీసేసి, బదులుగా రోజుకింత అని డబ్బు కట్టారు. నౌకాశాలల్లో ఆ మార్పులకు ముందు నిలబడినవారిలో శామ్యూల్ ఒకరు.

చెక్క వృథా పోకూడదు, పనికి లెక్క ఉండాలి, జీతం జీతంలా ఉండాలి అన్నది ఆయన వాదన. అందులో న్యాయం ఉంది. తమ చేతుల్లోని నేర్పు, దాని చుట్టూ ఉన్న చిన్న హక్కులు ఒక్కొక్కటిగా పోతున్నాయన్నది వడ్రంగుల బాధ. అందులోనూ న్యాయం ఉంది. ఏడేళ్లు వాళ్ల మధ్యే పని నేర్చుకున్న మనిషి వాళ్లకు ఎదురుగా నిలబడాల్సి రావడం శామ్యూల్ జీవితంలోని చిక్కుముడి.

పోయిన పదవి, మిగిలిన తోట

1805లో ప్రభుత్వం ఆయన్ను మళ్లీ రష్యా పంపింది. బ్రిటన్ నౌకాదళానికి అక్కడ ఓడలు కట్టించాలన్నది ఉద్దేశం. రష్యా ఒప్పుకోలేదు. ఖాళీగా కూర్చోలేక శామ్యూల్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓఖ్తా నది దగ్గర గుండ్రటి పనాప్టికాన్ భవనం కట్టించారు. అది జైలు కాదు, పని నేర్పే చోటు. అన్న లండన్‌లో కట్టలేకపోయినదాన్ని తమ్ముడు రష్యాలో నిలబెట్టారు. తర్వాత అది అగ్నికి ఆహుతైంది.

1807లో తిరిగొచ్చేసరికి ఆయన పదవి లేదు. కార్యాలయాన్ని నౌకాదళ బోర్డులో కలిపేశారు. ఆ బోర్డు పద్ధతులనే ఆయన ఏళ్లుగా తప్పుపట్టారు. ఇప్పుడు దాని కిందే పనిచేయాల్సి వచ్చింది. 1812లో పింఛనుతో తప్పుకున్నారు.

1814లో కుటుంబంతో ఫ్రాన్స్ వెళ్లి, తర్వాత మాంట్‌పెలియర్ దగ్గర ఎస్టేట్ కొని వ్యవసాయం చేశారు. కొడుకు జార్జ్‌కు మొక్కల మీద మనసు పడింది ఫ్రాన్స్‌లోనే. తల్లి మేరీ సోఫియా కొన్న ఫ్రాన్స్ మొక్కల పుస్తకం అతనికి దారి చూపింది. అదే జార్జ్, జోసెఫ్ హుకర్‌తో కలిసి 1862 నుంచి 1883 దాకా విత్తనాల మొక్కలన్నిటినీ వర్గీకరించారు. టేకును వాళ్లు వెర్బెనేసీ కుటుంబంలో పెట్టారు. తండ్రి చెక్కపనిని పనులుగా విడదీశారు, కొడుకు చెట్లను కుటుంబాలుగా విడదీశాడు.

శామ్యూల్ 1831 మే 31న లండన్‌లో కన్నుమూశారు. దాదాపు ఏడాది తర్వాత, 1832 జూన్‌లో జెరెమీ పోయారు. బట్టలు తొడిగిన జెరెమీ అస్థిపంజరం ఇప్పటికీ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఉంది, సందర్శకులు వెళ్లి చూస్తారు. తమ్ముడికి అలాంటిదేమీ లేదు. భర్త పని మరుగున పడకూడదని మేరీ సోఫియా ఆయన జీవిత చరిత్ర రాశారు. ఆమె మరణించాక 1862లో అది అచ్చయింది.

బెంథామ్ తర్వాత మిషన్ ఎటు వెళ్లింది

శామ్యూల్ వేసిన దారిలో చాలామంది నడిచారు. 1802లో జోసెఫ్ బ్రామా వూలిచ్ ఆయుధశాల కోసం పెద్ద చక్రానికి బ్లేడ్లు బిగించిన ప్లానర్ తయారు చేశారు. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ తిరిగే బ్లేడ్లు, చెక్కను లాక్కునే రోలర్లు కలిపి పేటెంట్ తీసుకున్నారు. పొడిగింపులతో అది 1856 దాకా నడిచింది. ఆ పేటెంట్ చేతిలో ఉన్నవాళ్లకు రుసుము కట్టకుండా మిషన్ నడపడం కష్టమని అమెరికా కలప వ్యాపారులు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. టేబుల్ చదునుగా లేకపోతే దాని మీద వచ్చే చెక్క చదునుగా ఉండదు. మరి చదునైన టేబుల్‌ను దేనితో చేయాలి? మాడ్స్‌లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో దీనికి పద్ధతి వివరించారు. మూడు ఇనుప పలకలు తీసుకుని, రంగు పూసి ఒకదానికొకటి ఆనించి, ఎత్తుగా ఉన్న చుక్కలను గీకుతూ పోవాలి. రెండే పలకలైతే ఒకదాని ఉబ్బు ఇంకోదాని గుంటలో ఇమిడి మోసం చేయగలవు. మూడు పలకలు ఒకదానికొకటి సరిపోయాయంటే మూడూ చదునే.

భద్రత బాగా ఆలస్యంగా వచ్చింది. పాత మిషన్లలో బ్లేడ్లు బిగించే ఇరుసు చదరంగా ఉండేది. చెయ్యి జారితే వేళ్లు లోపలికి పోయేవి. 20వ శతాబ్దం మొదట్లో గుండ్రటి ఇరుసు వచ్చాక ఆ సందు తగ్గింది. తగ్గిందే కానీ, పోలేదు.

మళ్లీ మరోదా షెడ్డులోకి

భిలాయ్‌లో ఈ కథకు ఇంకో కొస దొరుకుతుంది. 1955 ఒప్పందంతో సోవియట్ యూనియన్ సాయంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం లేచింది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రగిలింది. 18వ శతాబ్దంలో రష్యా నేర్పు కోసం ఇంగ్లండ్ మనిషిని పిలిపించుకుంటే, 20వ శతాబ్దంలో రష్యా నిపుణులు నేర్పు పట్టుకుని ఛత్తీస్‌గఢ్ వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఆ యంత్రాల మీద చెయ్యి తిప్పుకున్నారు. క్రిచెవ్ రైతులది వెట్టి. భిలాయ్‌లో చేరినవాళ్లది ఉద్యోగం. ఆ తేడా చిన్నది కాదు.

యంత్రాల మధ్య బతుకు గడిపినవాళ్లకు షెడ్డులో జాయింటర్-ప్లానర్ కూర్చోబెట్టడం కొత్త భాష కాదు. ముందు ప్లగ్గు తీసి ఉందో లేదో చూస్తారు. చెక్క బయటకు వచ్చే వైపు టేబుల్ ఎత్తు, తిరిగే బ్లేడు పైఅంచు ఎత్తు ఒకటే ఉండాలి. టేబుల్ కిందికి ఉంటే పలక చివర్లో గుంట పడుతుంది. పైకి ఉంటే పలక అంచుకు తగిలి ఆగుతుంది, లేదా కోత ఏటవాలుగా వస్తుంది. చెక్కను నెట్టే వైపు టేబుల్ మాత్రం ఎంత లోతు కోయాలో అంత కిందికి ఉండాలి. మొదట్లో అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు చాలు.

ఎత్తు తేడా ఉన్నా రెండు టేబుళ్లూ సమాంతరంగా ఉండాలి. బయటి చివర్లు కుంగితే పలక మధ్యలో గుంట వస్తుంది. బయటి చివర్లు లేస్తే మధ్యలో ఉబ్బు వస్తుంది. ఫెన్స్ సరిగా నిలబడిందో లేదో తేల్చాలంటే రెండు పలకల అంచులు తీసి, ఒకదాన్ని తిప్పి ఎదురెదురుగా నిలబెట్టాలి. తప్పు ఉంటే రెట్టింపై కనిపిస్తుంది.

ఇంకో మాట. ప్లానర్ పలకను చదును చేయదు, మందం సమానం చేస్తుందంతే. మెలి తిరిగిన పలకను నేరుగా అందులోకి పంపితే సమానమైన మందంతో మెలి తిరిగిన పలకే బయటకు వస్తుంది. ముందు జాయింటర్ మీద ఒక ముఖం చదును చేసుకోవాలి. ఆ ముఖాన్ని ఆధారంగా పెట్టి రెండో ముఖాన్ని ప్లానర్‌లో తీయాలి. చిన్న ముక్కలను చేత్తో నెట్టకూడదు, నెట్టుడు చెక్క వాడాలి. భిలాయ్ ఎండాకాలంలో ఎండిన టేకు వానాకాలంలో తేమ తాగి మళ్లీ కదులుతుంది. అందుకే చెక్కను కొన్నాళ్లు షెడ్డులోనే ఉంచి, ఆ తర్వాతే మిషన్ ఎక్కించడం మంచిది.

ఇవేవీ మిషన్ తనంతట తాను చేసుకోదు. నేర్పు లేని చేతుల కోసం యంత్రం కావాలన్న శామ్యూల్ లెక్క సగమే నిజమైంది. నెట్టే చేతికి నేర్పు అంతగా అక్కర్లేకపోయింది. కానీ టేబుల్ సరిచూసే కంటికి, బ్లేడు బిగించే వేలికి అది అక్కర్లేని రోజు ఇంతవరకూ రాలేదు. నెట్టేదీ, సరిచూసేదీ ఒకే మనిషి అయినప్పుడు పోగొట్టుకున్నదేమీ ఉండదు. ఇంటి షెడ్డులో జరిగేది అదే. పోర్ట్స్‌మత్‌లో ఆ రెండు పనులూ ఇద్దరు వేర్వేరు మనుషులవయ్యాయి. నష్టపోయింది నెట్టేవాడు.

ఉక్కు బద్ద కింద వెలుతురు కనిపించడం మానేశాక, ప్లగ్గు పెట్టి మొదటి టేకు పలకను నెట్టొచ్చు. ఆ పని మొదట ఆలోచించిన మనిషి పేరు మిషన్ మీద ఎక్కడా ఉండదు.